తేదీ, సమయం కాలమ్‌ల తరలింపు: చిక్కుపడిన ఒక చర్చకు సమీక్ష

డేటాబేస్ మైగ్రేషన్‌లో, అంటే ఒక సంస్థ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సమాచారాన్ని ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి తరలించే పనిలో, అంకెలూ అక్షరాలూ చాలావరకు చెప్పిన మాట వింటాయి. తేదీనీ సమయాన్నీ నిల్వచేసే కాలమ్‌లే పేచీ పెడతాయి. అంకె మారితే మొత్తాలు సరిపోక వెంటనే బయటపడుతుంది, అక్షరం చెడితే కంటికి కనిపిస్తుంది. ఐదున్నర గంటలు పక్కకు జరిగిన సమయం మాత్రం చూడటానికి అచ్చం సరైన సమయంలాగే ఉంటుంది కాబట్టి, తప్పు దొర్లిన నెలలకు గానీ, ఏ జీతాల లెక్కలోనో వడ్డీ లెక్కలోనో తేడా వచ్చేదాకా గానీ ఎవరి దృష్టికీ రాదు.

ఈ కాలమ్‌లను ఎలా తరలించాలన్న చర్చ పాతదే. అయితే అది ముదిరినకొద్దీ మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి: పాత రకానికి కొత్త డేటాబేస్‌లో సాటి రకం ఏది, విలువను ఏ టైమ్ జోన్‌లో నిల్వచేయాలి, అసలు ఆ కాలమ్ ఏ వాస్తవాన్ని నమోదు చేస్తోంది. వాదోపవాదాల్లో ఎక్కువ భాగం మొదటి రెండింటి చుట్టూ తిరుగుతుంది. మూడోదానికి జవాబు దొరికితే తప్ప మొదటి రెండూ తేలవన్నది ఈ సమీక్ష అభిప్రాయం.

## పేరు ఒకటి, లోపల ఉన్నది మరొకటి

ఎస్‌క్యూఎల్ భాషకు 1992లో వచ్చిన ప్రమాణం డేట్, టైమ్, టైమ్‌స్టాంప్, ఇంటర్వల్ అనే రకాలను నిర్వచించి, డేట్ అంటే సంవత్సరం, నెల, రోజు మాత్రమేననీ, టైమ్‌స్టాంప్ అంటే తేదీ, సమయం కలిసినదనీ చెప్పింది. అప్పటికే ప్రధాన డేటాబేస్‌లు తమ తమ రకాలతో మార్కెట్‌లో స్థిరపడి ఉన్నాయి. వాడుకరులున్న వ్యవస్థను ఒక ప్రమాణం కోసం తిరగరాయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. నేటి చిక్కులకు మూలం అక్కడే ఉంది.

ఒరాకిల్‌లోని డేట్ రకం ఏడు బైట్లలో శతాబ్దం, సంవత్సరం, నెల, రోజుతో పాటు గంట, నిమిషం, సెకను కూడా దాచుకుంటుంది. వాడుకరి తేదీ ఒక్కటే ఇచ్చినా లోపల అర్ధరాత్రి సున్నా గంటలు నమోదవుతాయి. పోస్ట్‌గ్రెస్‌లోని డేట్ నాలుగు బైట్ల శుద్ధమైన తేదీ. పేరు చూసి డేట్‌ను డేట్‌గా తరలించినవారు గంటలూ నిమిషాలూ పోగొట్టుకుంటారు. భయపడి ప్రతి డేట్‌నూ టైమ్‌స్టాంప్‌గా మార్చినవారికి పుట్టిన తేదీల పక్కన సున్నా గంటల తోక మిగులుతుంది.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టైమ్‌స్టాంప్ అన్న పేరున్న రకానికి కాలంతో ఏ సంబంధమూ లేదు. అది వరుస మారినప్పుడల్లా పెరిగే ఎనిమిది బైట్ల సంఖ్య; ఆ గందరగోళం తగ్గించడానికే తర్వాత దానికి రోవెర్షన్ అన్న పేరు కూడా ఇచ్చారు. అక్కడి పాత డేట్‌టైమ్ రకం 1753 జనవరి 1 కంటే ముందరి తేదీలను అంగీకరించదు. బ్రిటన్, దాని వలసలు 1752 సెప్టెంబరులో పదకొండు రోజులు వదిలేసి గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారడం దీనికి కారణంగా చెబుతారు. సమయం లేని శుద్ధమైన తేదీ రకం ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి 2008 వెర్షన్‌తో గానీ రాలేదు. అందువల్ల అంతకు ముందు కట్టిన పట్టికల్లో సమయం అవసరం లేని చోట కూడా డేట్‌టైమే కనిపిస్తుంది.

మైఎస్‌క్యూఎల్‌లో డేట్‌టైమ్, టైమ్‌స్టాంప్ రెండూ పైకి ఒకేలా కనిపించినా, మొదటిది రాసిన అంకెలను రాసినట్టే ఉంచుతుంది. రెండోది సెషన్ టైమ్ జోన్ నుంచి యూటీసీకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయానికి మార్చి దాచి, చదివేటప్పుడు తిరిగి చదివేవారి టైమ్ జోన్‌లోకి మార్చి చూపుతుంది. పైగా ఈ టైమ్‌స్టాంప్ 2038 జనవరి 19న యూటీసీ 03:14:07 దగ్గర, అంటే భారత కాలమానంలో ఉదయం 8:44:07కు ఆగిపోతుంది. 32 బిట్ల సంఖ్యలో 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టడం వల్ల వచ్చిన హద్దు ఇది. మరియాడీబీ 11.5లో ఆ హద్దును 2106కు జరిపారు. ఎస్‌క్యూలైట్‌కు తేదీ రకమే లేదు. అక్షరాలుగానో, జూలియన్ దినసంఖ్యగానో, సెకన్ల లెక్కగానో దాచుకునే స్వేచ్ఛ ప్రోగ్రామర్‌కు ఇచ్చింది. ఒకే కాలమ్‌లో ఆ మూడూ కలగలిసి ఉన్నా అది అడ్డు చెప్పదు.

అన్నింటికంటే ఎక్కువమంది పొరబడేది టైమ్ జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ దగ్గర. పోస్ట్‌గ్రెస్‌లో ఆ పేరున్న రకం టైమ్ జోన్‌ను అసలు దాచదు. వచ్చిన విలువను యూటీసీకి మార్చుకుని, ఏ జోన్‌లో వచ్చిందన్న సంగతి మరిచిపోతుంది. ఒరాకిల్‌లో అదే పేరున్న రకం జోన్‌ను కూడా దాచుకుంటుంది, ఆసియా/కోల్‌కతా వంటి ప్రాంతం పేరు ఇచ్చినా నిలబెడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని డేట్‌టైమ్‌ఆఫ్‌సెట్ ఈ రెండింటికీ మధ్యస్థం: యూటీసీతో ఎన్ని గంటల తేడా ఉందో గుర్తుంచుకుంటుంది గానీ ఏ ప్రాంతమో దానికి తెలియదు. కాబట్టి పోస్ట్‌గ్రెస్ రకానికి ఒరాకిల్‌లో నిజమైన సాటి, అదే పేరున్న రకం కాక, లోకల్ టైమ్ జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ అవుతుంది.

## రెండు పక్షాలు, రెండు సాధనాలు

ఈ నేపథ్యంలో రెండు ప్రధాన పక్షాలు ఏర్పడ్డాయి. మొదటిది యథాతథ పక్షం: పాత డేటాబేస్‌లో ఏ అంకెలు కనిపిస్తున్నాయో కొత్తదానిలోనూ అవే కనిపించాలి, అర్థనిర్ణయం తరలించేవారి పని కాదు అన్నది దాని వాదం. రెండోది యూటీసీ పక్షం: టైమ్ జోన్ తెలియని సమయం సగం సమాచారమే కనుక, తరలింపు వంటి అవకాశం మళ్లీ రాదు కనుక, అన్నింటినీ యూటీసీ క్షణాలుగా మార్చి టైమ్ జోన్ ఎరిగిన రకంలో పెట్టాలంటుంది. పోస్ట్‌గ్రెస్ వాడుకరులు నిర్వహించే వికీలో, చేయకూడని పనుల జాబితాలో టైమ్ జోన్ లేని టైమ్‌స్టాంప్ వాడకం ఉండటం ఈ పక్షానికి బలం.

విచిత్రమేమంటే, రెండు పక్షాలూ సాధనాల్లోకి మౌనంగా చేరిపోయాయి. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు తరలించే ఓరా2పీజీ, ప్రత్యేకంగా చెప్పకపోతే, డేట్ కాలమ్‌ను టైమ్ జోన్ లేని టైమ్‌స్టాంప్‌గా మారుస్తుంది. మైఎస్‌క్యూఎల్ నుంచి తరలించే పీజీలోడర్ డేట్‌టైమ్ కాలమ్‌ను టైమ్ జోన్ ఉన్న రకంలోకి మారుస్తుంది. ఒకే సంస్థ తన రెండు పాత డేటాబేస్‌లను ఒకే పోస్ట్‌గ్రెస్‌లోకి ఈ రెండు సాధనాలతో తెస్తే, ఎవరూ కూర్చుని నిర్ణయించకుండానే సగం పట్టికలు ఒక పక్షానికీ సగం మరో పక్షానికీ చెందుతాయి.

యథాతథ పక్షం బలం దాని నిరాడంబరతలో ఉంది: తరలింపు తర్వాత తేడా వస్తే పోల్చి చూడటం తేలిక, వెనక్కి వెళ్లడమూ తేలిక. దాని బలహీనత డేలైట్ సేవింగ్ పాటించే దేశాల్లో బయటపడుతుంది. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి తిప్పినప్పుడు ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. జోన్ లేని కాలమ్‌లో ఆ రెండు ఒంటిగంటన్నరలకూ తేడా లేదు. భారతదేశంలో ఈ అలవాటు లేకపోవడం వల్ల హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీల డేటాబేస్‌లను చూసే ఇంజనీర్లకు సైతం ఈ సమస్య పరీక్షల దశలో తట్టదు, నవంబరులో తడుతుంది.

యూటీసీ పక్షం బలహీనత మరో రకం. అంకెలకు జోన్ తగిలించాలంటే ఆ అంకెలు ఏ జోన్‌లో రాసినవో కచ్చితంగా తెలియాలి. హైదరాబాద్ కార్యాలయంలో ఉదయం 10:00కు రాసిన విలువను, టైమ్ జోన్ యూటీసీగా అమర్చిన సెషన్ చేత కొత్త డేటాబేస్‌లోకి ఎక్కిస్తే, అది యూటీసీ 10:00గా స్థిరపడి, అదే కార్యాలయంలో తెరిచినప్పుడు మధ్యాహ్నం 3:30గా కనిపిస్తుంది. తెలియని దాన్ని తెలిసినట్టు నమోదు చేయడం ఇది; యథాతథంగా వదిలేయడం కంటే ఇది పెద్ద తప్పు.

## ఒక రోజు వెనక్కి పోయే పుట్టిన తేదీ

రెండు పక్షాల మధ్య ఎక్కువగా నలిగిపోయేది పుట్టిన తేదీ. ఒరాకిల్ డేట్‌లో 1985 జూన్ 1, సున్నా గంటలుగా ఉన్న విలువను తరలింపు ప్రోగ్రామ్ భారత కాలమానంలోని ఒక క్షణంగా చదివి యూటీసీలోకి మారిస్తే అది 1985 మే 31, 18:30 అవుతుంది. ఆ తర్వాత మరెవరో సమయం అనవసరమని కోసేసి తేదీ మాత్రం ఉంచితే, మనిషి ఒక రోజు ముందే పుట్టినట్టు రికార్డు మిగులుతుంది. రెండు అడుగులూ విడివిడిగా సమంజసంగానే కనిపిస్తాయి.

దీనికి చాలాచోట్ల పాటించే చికిత్స, ఐదున్నర గంటలు కలిపి మళ్లీ తేదీ తీయడం. అది కూడా అందరికీ పనిచేయదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో భారత గడియారాలను గంట ముందుకు జరిపి యూటీసీకి ఆరున్నర గంటల తేడాతో నడిపారు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు నడుమ వరకు అదే అమలైంది. ప్రపంచ టైమ్ జోన్ల చరిత్రను నమోదుచేసే టీజెడ్ డేటాబేస్‌లో ఆసియా/కోల్‌కతా కింద ఈ మార్పు ఉంది, జావా వంటి వ్యవస్థలు దాన్ని నిక్కచ్చిగా పాటిస్తాయి. కాబట్టి 1943 ఆగస్టు 10న పుట్టిన పెన్షనరు తేదీ యూటీసీలో ఆగస్టు 9, 17:30గా మారుతుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే ఆగస్టు 9 రాత్రి 11:00 మాత్రమే అవుతుంది. మిగతా అందరి తేదీలూ సరిపడి, యుద్ధకాలంలో పుట్టినవారి తేదీలు మాత్రం తప్పుగా మిగులుతాయి. ఇంకా వెనక్కి, 1906కు ముందు, ఆ జోన్ కింద మద్రాసు సమయపు 5 గంటల 21 నిమిషాల 10 సెకన్ల తేడా కనిపిస్తుంది. పాత భూమి దస్తావేజులను డిజిటల్ రూపంలోకి తెచ్చే పనుల్లో దీన్ని దృష్టిలో ఉంచుకోవాలి.

పుట్టిన తేదీ క్షణం కాదు. దానికి ఏ టైమ్ జోన్ మార్పిడీ వర్తించకూడదు. ఈ ఒక్క విషయంలో యథాతథ పక్షం వాదన పూర్తిగా నెగ్గుతుంది.

## మూడో పక్షం: కాలమ్ అర్థాన్ని బట్టి

ఇటువంటి ఉదాహరణల నుంచే మూడో పక్షం పుట్టింది. దాని ప్రకారం కాలమ్‌లు నమోదుచేసే వాస్తవాలు ప్రధానంగా మూడు విధాలు: క్యాలెండర్ తేదీ (పుట్టిన రోజు, పండుగ, బిల్లు గడువు), జరిగిపోయిన క్షణం (డబ్బు చేతులు మారిన వేళ, లాగిన్ అయిన వేళ), ఒక ఊరి గడియారం చూపే సమయం (ఆసుపత్రి అపాయింట్‌మెంట్, రైలు బయలుదేరే వేళ). ఈ విభజనకు ప్రోగ్రామింగ్ భాషల నుంచి పెద్ద ఊతం దొరికింది. 2014లో విడుదలైన జావా 8, అప్పటిదాకా ఒకే రకంతో సరిపెట్టుకున్న పనిని లోకల్‌డేట్, ఇన్‌స్టంట్, లోకల్‌డేట్‌టైమ్, జోన్డ్‌డేట్‌టైమ్ అని విడగొట్టడంతో, ఏ కాలమ్‌కు ఏది అని అడగక తప్పని పరిస్థితి ప్రోగ్రామర్లకు ఏర్పడింది.

జరిగిపోయిన క్షణాల విషయంలో మూడో పక్షం యూటీసీ పక్షంతో ఏకీభవిస్తుంది. భవిష్యత్తు దగ్గర విడిపోతుంది. నోడా టైమ్ లైబ్రరీ రూపకర్త జాన్ స్కీట్ 2019లో రాసిన ఒక వ్యాసం, యూటీసీలో దాచడం సర్వరోగ నివారిణి కాదని వాదించి, ఈ పక్షానికి ప్రధాన పాఠంగా నిలిచింది. రాబోయే సంవత్సరం ఒక నగరంలో ఉదయం 9:00కు జరగాల్సిన సమావేశాన్ని నేడే యూటీసీలోకి మార్చి దాచితే, ఆలోగా అక్కడి ప్రభుత్వం టైమ్ జోన్ నియమాలు మార్చినప్పుడు ఆ మార్పిడి తప్పవుతుంది. ఇది ఊహాజనితమైన ముప్పు కాదు: అమెరికా 2005 నాటి చట్టంతో 2007 నుంచి డేలైట్ సేవింగ్ ప్రారంభాన్ని మార్చి నెల రెండో ఆదివారానికి జరిపింది, సమోవా తన గడియారాన్ని తేదీ రేఖకు అవతలికి మార్చుకోవడంతో 2011 డిసెంబరు 30 ఆ దేశంలో రానేలేదు. అందుకే భవిష్యత్తు వేళలకు స్థానిక సమయాన్ని ఒక కాలమ్‌లో, జోన్ పేరును మరో కాలమ్‌లో ఉంచమని ఈ పక్షం సూచిస్తుంది.

మూడు పక్షాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, యథాతథ పద్ధతి ఖర్చు తక్కువ, పరిశీలన తేలిక, పాత సందిగ్ధాన్ని కొత్త ఇంటికి మోసుకొస్తుంది. యూటీసీ పద్ధతి వేర్వేరు దేశాల నుంచి చదివేవారికి ఏకరూపత ఇస్తుంది గానీ తేదీలనూ భవిష్యత్తు వేళలనూ చెడగొడుతుంది. అర్థాన్ని బట్టి నడిచే పద్ధతి సరైనదే అయినా ప్రతి కాలమ్ దగ్గరా వ్యాపారం తెలిసిన మనిషి కావాలి. వేల కాలమ్‌లున్న వ్యవస్థలో ఆ మనిషి దొరకడమే కష్టం. దొరికినా, ఒరాకిల్ డేట్ కాలమ్‌లో కొన్ని వరుసలకు సమయం ఉండి కొన్నింటికి లేకపోతే ఆయనా తల గోక్కోవాల్సిందే.

## సెకను ముక్కలు

సూక్ష్మత, అంటే సెకనును ఎన్ని భాగాలుగా చూస్తారన్నది, తక్కువగా చర్చకు వచ్చినా ఎక్కువ నష్టం చేసే అంశం. ఒరాకిల్ టైమ్‌స్టాంప్ దశాంశం తర్వాత తొమ్మిది స్థానాల వరకు, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేట్‌టైమ్2 ఏడు స్థానాల వరకు, పోస్ట్‌గ్రెస్ ఆరు స్థానాల వరకు దాచగలవు. మైఎస్‌క్యూఎల్ 5.6.4 నుంచి ఆరు స్థానాలు ఇస్తుంది గానీ, అడగకపోతే ఒక్క స్థానం కూడా ఇవ్వదు. మిగిలిన భాగాన్ని సర్దుబాటు చేయడంలో 23:59:59.6 మరుసటి రోజు సున్నా గంటలు అవుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత డేట్‌టైమ్‌ది ప్రత్యేక కథ. అది సెకనును మూడు వందల భాగాలుగా చూడటం వల్ల మిల్లీసెకను స్థానంలో 0, 3, 7 అంకెలే కనిపిస్తాయి. ఆ రకంలో 23:59:59.999 అని రాస్తే మరుసటి రోజులోకి దూకుతుంది కాబట్టి, నెలాఖరు నివేదికలు రాసినవారు 23:59:59.997 దాకా అని షరతు పెట్టడం నేర్చుకున్నారు, అది అక్కడ సరైనదే. అదే క్వెరీని మైక్రోసెకన్లు దాచే పోస్ట్‌గ్రెస్‌కు తెచ్చినప్పుడు, నెల చివరి మూడు మిల్లీసెకన్లలో జరిగిన లావాదేవీలు ఏ నెల నివేదికలోనూ చేరవు. తర్వాతి నెల మొదటి క్షణం కంటే తక్కువ అని షరతు మార్చడం ఒక్కటే దీనికి మందు.

## లేని తేదీలు

తెలియని తేదీని ఎలా రాయాలన్న ప్రశ్నకు ప్రతి వ్యవస్థా ఒక చిట్కా కనిపెట్టింది. మైఎస్‌క్యూఎల్ చాలాకాలం 0000-00-00 అన్న సున్నా తేదీని అనుమతించింది, 5.7 నుంచి మొదటి అమరికలో నిషేధించింది. పోస్ట్‌గ్రెస్‌కు అది తేదీయే కాదు. పీజీలోడర్ వాటిని నల్‌గా, అంటే విలువ లేనిదిగా మారుస్తుంది, చాలామంది అంగీకరించే పరిష్కారం అది. వివాదం 1962-00-00 వంటి సగం తేదీల దగ్గర వస్తుంది: పుట్టిన సంవత్సరం తప్ప మరేమీ తెలియని వ్యక్తి రికార్డును నల్ చేస్తే తెలిసిన సంవత్సరం కూడా పోతుంది, జనవరి 1 చేస్తే లేని కచ్చితత్వం పుడుతుంది. సంవత్సరానికి వేరే కాలమ్ పెట్టడం మేలు.

గడువు లేని ఒప్పందాలకు 9999-12-31 అని రాసే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉంది. ఆ తేదీ చివరి సెకనును భారత కాలమానం నుంచి యూటీసీకి మారిస్తే సమయం వెనక్కి వెళుతుంది గనక ప్రమాదం లేదు. న్యూయార్క్ నుంచి మారిస్తే 10000వ సంవత్సరంలోకి దాటి, చాలా వ్యవస్థల్లో దోషంగా ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అనంతం అన్న ప్రత్యేక విలువ ఉన్నా, దాన్ని చదవలేని ప్రోగ్రామ్‌లు ఉండటంతో అందరూ వాడరు. ప్రాచీన తేదీల విషయంలో ఒరాకిల్ 1582 అక్టోబరుకు ముందు జూలియన్ క్యాలెండర్‌ను, పోస్ట్‌గ్రెస్ అన్ని కాలాలకూ గ్రెగోరియన్‌ను పాటిస్తాయి. ఖాళీకి బదులు 0001-01-01 అని రాసే వ్యవస్థల్లో ఈ తేడా రెండు రోజుల జరుగుబాటుగా పైకి వస్తుంది. అపాచీ స్పార్క్ 2020లో మూడో వెర్షన్‌తో క్యాలెండర్ మార్చుకున్నప్పుడు ఇందుకోసం ప్రత్యేక అమరికలే ఇవ్వాల్సి వచ్చింది.

## సరిచూసే పద్ధతి, తేలని అంశాలు

వరుసల సంఖ్య సరిపోయిందని తృప్తి పడటం ఈ కాలమ్‌ల విషయంలో చాలదు. అతి చిన్న, అతి పెద్ద విలువలను పోల్చడం, రోజువారీగా ఎన్ని వరుసలున్నాయో రెండు వైపులా లెక్కించడం, సమయం సరిగ్గా సున్నా గంటలుగా ఉన్న వరుసలెన్నో చూడటం ఉపయోగకరమైన పరీక్షలు. ఒక కాలమ్‌లో దాదాపు అన్నీ సున్నా గంటలే అయితే అది తేదీ కాలమ్ అనుకోవచ్చు, అన్నీ 18:30 అయితే ఎక్కడో మార్పిడి జరిగిందని అర్థం. పోల్చే ప్రోగ్రామ్ రెండు డేటాబేస్‌లనూ ఒకే డ్రైవర్ ద్వారా, ఒకే తప్పు జోన్‌తో చదివితే తప్పులు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఫలితం నిక్షేపంగా కనిపిస్తుంది. అందుచేత విలువను ఆయా డేటాబేస్ లోపలే అక్షరాలుగా మార్చించి, సెషన్ టైమ్ జోన్‌ను స్పష్టంగా పేర్కొని పోల్చడం క్షేమం.

ఇన్ని తేలినా రెండు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. భవిష్యత్తు వేళలను జోన్ పేరుతో కలిపి ఒకే విలువగా దాచే రకం ఒరాకిల్ బయట ప్రధాన డేటాబేస్‌ల్లో లేదు. జోన్ పేరును సమయంతో కలిపి రాసే పద్ధతికి 2024లో ఇంటర్నెట్ ప్రమాణం వచ్చినా, అది అక్షర రూపానికే పరిమితం. రెండు కాలమ్‌ల పద్ధతిలో ఒకటి మారి మరొకటి మారకపోయే ప్రమాదం ఉంది. రెండోది ఇంకా మొండిది: ఒకే కాలమ్‌లోకి భారతదేశం నుంచి ఒక ప్రోగ్రామ్, అమెరికా నుంచి మరొకటి, ఎవరి స్థానిక సమయాన్ని వారు రాసిన పాత పట్టికల్లో ఏ వరుస ఎక్కడిదో చెప్పే ఆధారం లేనప్పుడు ఏ పక్షం దగ్గరా జవాబు లేదు. అలాంటి కాలమ్‌ను యథాతథంగా, జోన్ లేని రకంలో ఉంచి, సందేహం ఉందని పట్టిక వివరణలోనే రాసిపెట్టడం ప్రస్తుతానికి నిజాయితీ గల మార్గం.

తరలింపు చేపట్టేవారు పాత సర్వర్‌ను ఆపేముందు దాని ఆపరేటింగ్ సిస్టమ్ టైమ్ జోన్, డేటాబేస్ టైమ్ జోన్, దానిలోకి రాసిన ప్రతి ప్రోగ్రామ్ సెషన్ అమరిక, టీజెడ్ డేటాబేస్ వెర్షన్ కాగితం మీద పెట్టి కొత్త వ్యవస్థ పత్రాల్లో చేర్చాలి. సర్వర్ ఆగిపోయాక ఈ వివరాలను మరెక్కడి నుంచీ తిరిగి రాబట్టలేరు.